రైలు మార్గానికి కాపలాగా కట్టిన మట్టికోట: ఫోర్ట్రెస్ రోజ్‌క్రాన్స్ గురించి కొన్ని సందేహాలు

ప్రశ్న: జయనగర పాఠకురాలు

అందరికీ నమస్కారం. బెంగళూరులో స్థిరపడిన మేము కొద్దిమంది తెలుగువాళ్లం నెలకొకసారి కలుసుకొని, ఒక్కొక్కరు ఒక్కొక్క కోట చరిత్రను చదువుకొని వచ్చి మిగిలినవారికి వివరించే అలవాటు పెట్టుకున్నాం. ఓరుగల్లు, కొండవీడు, గండికోట, చంద్రగిరి అయ్యాయి. మేముంటున్న ఊరి కోట కూడా అయింది. ఈసారి ఇతర దేశాల కోటలు చూద్దామని అందరూ అనుకోగా, అమెరికా అంతర్యుద్ధ కాలంలో టెనెసీ రాష్ట్రంలోని మర్‌ఫ్రీస్‌బరో పట్టణం పక్కన 1863లో కట్టిన ఫోర్ట్రెస్ రోజ్‌క్రాన్స్ నా వంతుకు వచ్చింది. ఆ యుద్ధంలో చుట్టూ ప్రాకారంతో కట్టిన మట్టికోటలన్నింటిలో అదే అతి పెద్దదని, నాష్‌విల్ నుంచి చట్టనూగాకు వెళ్లే రైలు మార్గాన్ని కాపాడడానికి దాన్ని కట్టారని చదివాను. అయితే చదివేకొద్దీ సందేహాలు పెరుగుతున్నాయి.

మొదటి సందేహం మట్టి గురించి. 1537లో కెంపేగౌడ కట్టించిన బెంగళూరు కోట మట్టిదే. 1761లో హైదర్ అలీ దాన్ని రాతితో తిరిగి కట్టించాడు. దేవనహళ్లి కోట కూడా మొదట మట్టికోటగా పుట్టి తరువాత రాతికోట అయింది. అంటే మన ప్రాంతంలో కాలం గడిచేకొద్దీ మట్టిని విడిచి రాతికి వెళ్లారు. అటువంటప్పుడు ఆవిరి యంత్రాలు, ఇనుప కార్ఖానాలు, రైళ్లు, తంతి అన్నీ చేతిలో ఉన్న ఒక సైన్యం మళ్లీ మట్టినే ఎందుకు ఎంచుకున్నది? యుద్ధం నడుమ తొందర ఒక్కటే దానికి కారణమా, లేక మట్టికే వేరే గుణం ఏదైనా ఉన్నదా?

రెండవ సందేహం నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది. మన కోట ఒక ఊరినో, కనుమనో, రేవునో కాపాడుతుంది. రైలు మార్గం వందల మైళ్ల పొడవున సాగే సన్నని గీత. ఒక చోట కదలకుండా కూర్చున్న కోట అంత పొడవైన గీతను ఎలా కాపాడగలదు? శత్రువు కోటను వదిలిపెట్టి పది మైళ్ల అవతల పట్టాలు పీకేస్తే కోటలోని ఫిరంగులు ఏం చేయగలవు? చివరిగా, అంత శ్రమపడి కట్టిన ఆ కోట మీదికి శత్రువు ఎన్నడైనా వచ్చాడా అన్నది కూడా తెలిసినవారు చెబితే, వినేవాళ్లకు విషయం సరిగా అందించగలుగుతాను.

సమాధానం: మల్లేశ్వరం చరిత్రాభిమాని

నమస్కారం అమ్మా. మీ రెండవ సందేహమే ఈ కోట చరిత్రకు అసలైన తాళంచెవి. అయితే దానికి ముందు ఆ చోటు సంగతి కొంత చెప్పవలసి ఉంది.

ఈ కోట కట్టిన ఉత్తరాది సైన్యానికి, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ సైన్యానికి, తిండి, మందుగుండు, గుర్రాలకు దాణా ఒహైయో నది ఒడ్డున ఉన్న లూయివిల్ నుంచి రావాలి. అక్కడి నుంచి నాష్‌విల్‌కు 185 మైళ్ల రైలు మార్గం, నాష్‌విల్ నుంచి చట్టనూగాకు మరొక 151 మైళ్ల మార్గం ఉన్నాయి. రెండూ సింగిల్ లైన్లే. మర్‌ఫ్రీస్‌బరో ఈ రెండవ మార్గం మీద, నాష్‌విల్‌కు ఆగ్నేయంగా సుమారు 30 మైళ్ల దూరంలో ఉంది. ఈ మార్గం ఎంత బలహీనమైనదో 1862వ సంవత్సరం ఉత్తరాదివారికి చాలా కఠినంగా నేర్పింది. ఆ ఏడాది జూలై 13న దక్షిణాది (కేంద్రం నుంచి విడిపోయిన రాష్ట్రాల) అశ్విక దళపతి ఫారెస్ట్ తెల్లవారుజామున మర్‌ఫ్రీస్‌బరో మీద విరుచుకుపడి, అక్కడి దళాన్ని సేనానితో సహా బందీ చేసి, రైలు సామగ్రిని తగలబెట్టి వెళ్లిపోయాడు. ఆగస్టులో మోర్గాన్ అనే మరొక అశ్విక దళపతి గాలటిన్ దగ్గరి రైలు సొరంగంలో మంటలు పెట్టించి మార్గాన్ని నెలల తరబడి మూయించాడు. డిసెంబరు చివరిలో అతడే కెంటకీలోని మల్‌డ్రా కొండ దగ్గరి రెండు పెద్ద కొయ్య వంతెనలను కాల్చివేశాడు. వేల మందితో ముందుకు కదలవలసిన సైన్యం చిన్న అశ్విక దళాల వల్ల కదలలేక నిలిచిపోయే పరిస్థితి వచ్చింది.

ఆ నేపథ్యంలోనే ఉత్తరాది జనరల్ రోజ్‌క్రాన్స్ 1862 డిసెంబరు 26న నాష్‌విల్ నుంచి బయలుదేరి, డిసెంబరు 31 నుంచి జనవరి 2 వరకు స్టోన్స్ నది ఒడ్డున దక్షిణాది జనరల్ బ్రాగ్ సైన్యంతో తలపడ్డాడు. రెండు వైపులా కలిపి 23,000 మందికి పైగా చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. జనవరి 3 రాత్రి బ్రాగ్ వెనక్కు తగ్గాడు. అంత ఖరీదు చెల్లించి గెలుచుకున్న పట్టణాన్ని మళ్లీ ఒక గుర్రపు దళం వచ్చి ఎత్తుకుపోకుండా చూడడం, ఇక్కడి నుంచి దక్షిణంగా వెళ్లడానికి సరిపడా సామాను నిల్వ చేయడం అనే రెండు అవసరాల నుంచి ఈ కోట పుట్టింది. జనవరి 23న పని మొదలై జూన్ నాటికి చాలావరకు పూర్తయింది. ముఖ్య ఇంజనీరు జేమ్స్ సెయింట్ క్లెయిర్ మోర్టన్, పని చేసింది ప్రధానంగా ఆయన చేతికింది పయనీర్ బ్రిగేడ్, అంటే నిర్మాణ పనులు చేసే సైనిక దళం.

ఇక మట్టి విషయానికి వస్తాను. తొందర ఒక కారణం మాత్రమే. జార్జియా తీరంలోని పులాస్కీ కోట గోడలు ఏడున్నర అడుగుల మందం గల ఇటుక గోడలు. దాన్ని కట్టడానికి సుమారు 18 ఏళ్లు, రెండున్నర కోట్ల ఇటుకలు పట్టాయి. 1862 ఏప్రిల్ 10, 11 తేదీలలో ఉత్తరాదివారు మైలుకు మించిన దూరం నుంచి, గొట్టం లోపల మరచుట్టు గాడులున్న కొత్తరకం ఫిరంగులతో కొట్టగా ముప్పై గంటలలో ఆ గోడకు గండి పడింది. కోట లొంగిపోయింది. గట్టిగా ఉండే గోడ దెబ్బను తనలో దాచుకోలేక పగులుతుంది. పగిలిన ముక్కలు లోపలివాళ్ల మీదికే ఎగురుతాయి. మట్టికట్టలో గుండు దిగబడి ఆగిపోతుంది. గుండు పేలినా కొంత మట్టి మాత్రమే చెదురుతుంది. ఆ గుంటను రాత్రికి రాత్రి పారలతో పూడ్చివేయవచ్చు. మట్టికట్టకు పై భాగాన పది అడుగులకు మించిన మందం ఇవ్వడం కష్టం కాదు, అదే మందంతో రాతిగోడ కట్టాలంటే ఏళ్లు పడుతుంది. కనుక ఆ సైన్యం మట్టిని ఎంచుకోవడం వెనుకబాటుతనం కాదు, అప్పటికి అందరికంటే ముందున్న ఫిరంగి శాస్త్రానికి తగిన జవాబు.

మనవాళ్లకు ఈ గుణం తెలియనిది కాదు. ఓరుగల్లులో రాతిప్రాకారానికి వెలుపల అంత విశాలమైన మట్టిప్రాకారం ఉన్నది అందుకే. 1310లో మాలిక్ కాఫూర్ దాడిని వర్ణించిన అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ గట్టిదనాన్ని ప్రత్యేకించి చెప్పాడు. మీరుంటున్న ఊరిలోనూ 1791లో కారన్‌వాలిస్ సేనలు వచ్చినప్పుడు రాతికోట ఒక పక్క ఉండగా, పేటకు మట్టికట్ట, కందకం, దట్టమైన ముళ్లకంచె రక్షణగా ఉండేవి. ముళ్లకంచె చేసిన పనినే టెనెసీలో నరికి కొమ్మలు చెక్కి శత్రువు వైపుకు తిప్పి పరిచిన చెట్లు చేశాయి.

కట్టిన తీరు ఇలా ఉంటుంది. వెలుపల కందకం తవ్వుతారు, తవ్విన మట్టిని లోపలివైపు పోసి దిమ్మిస కొడతారు. లోపలి ముఖం జారిపోకుండా పలకలతోనో, కంపమోపులతోనో, మట్టి నింపిన అల్లిక బుట్టలతోనో, పచ్చిక పెళ్లలతోనో కట్టుదిట్టం చేస్తారు. ఈ కోట చుట్టుకొలత సుమారు 14,000 అడుగులు, లోపలి వైశాల్యం 200 ఎకరాలకు పైన. స్టోన్స్ నది పశ్చిమ పాయ, రైలు మార్గం, నాష్‌విల్ రహదారి మూడూ కోట లోపలి నుంచే సాగుతాయి. వెలుపలి వరుసలో లూనెట్ అనబడే, వెనుకవైపు తెరిచి ఉండే అర్ధచంద్రాకారపు బురుజులు, వాటిని కలిపే కట్టలు ఉండేవి. ఒక లూనెట్ ముందుకు వచ్చిన శత్రువు మీద పక్క లూనెట్ నుంచి కూడా గుండ్లు పడేటట్లు వాటి కోణాలు అమర్చారు. లోపల నాలుగు పక్కలా మూసిన చిన్న కోటలు నాలుగు ఉండేవి. వెలుపలి వరుస పోయినా ఇవి నిలిచి, వంతెననూ రైలు మార్గాన్నీ తమ ఫిరంగుల కింద ఉంచుకోవాలన్నది ఉద్దేశం. వాటిలో బ్రాన్నన్ అనే దాని పని ప్రత్యేకంగా రైలు మార్గం, నాష్‌విల్ రహదారి.

ఇప్పుడు మీ రెండవ సందేహం. ఈ కోట 151 మైళ్ల పట్టాలను కాపాడలేదు, కాపాడాలని కట్టనూ లేదు. అది కాపాడింది లోపలి గిడ్డంగులను. గిడ్డంగులు, మందుగుండు నేలమాళిగలు, ఆవిరితో నడిచే కలప కోత మిల్లులు, బండ్ల మరమ్మతు చావిళ్లు అన్నీ లోపలే ఉండేవి. వెనుక మార్గం కొన్ని వారాలు తెగినా ముందున్న సైన్యం ఆగకుండా సాగగలగడమే దాని ప్రయోజనం. జూన్ 24న రోజ్‌క్రాన్స్ కోటను కొన్ని వేల మందికి అప్పగించి మిగిలిన సైన్యాన్నంతా తీసుకొని దక్షిణంగా కదిలి, పది రోజుల లోపలే బ్రాగ్‌ను మధ్య టెనెసీ నుంచి వెళ్లగొట్టగలిగాడు. అంతకు ముందు ఏడాది అదే సైన్యం వంతెనలూ సొరంగాలూ బాగుపడేదాకా కదలలేక కూర్చున్నదన్న సంగతితో పోల్చి చూస్తే దీని విలువ తెలుస్తుంది. నా దృష్టిలో ఈ కోట చేసిన అతి పెద్ద మేలు దాని ఫిరంగులు పేలిన రోజున కాక, సైన్యం వెనక్కు చూసుకోకుండా దాన్ని విడిచి వెళ్లిన రోజున జరిగింది.

యుద్ధం దాని గడప దాకా వచ్చింది 1864 డిసెంబరులో. దక్షిణాది జనరల్ హుడ్ నాష్‌విల్ ముందు దిగి, ఫారెస్ట్‌ను అశ్విక దళాలతోను, బేట్ అనే సేనాని పదాతి దళంతోను మర్‌ఫ్రీస్‌బరో వైపు పంపాడు. కోటలో జనరల్ రూసో కింద సుమారు 8,000 మంది ఉన్నారు. ప్రాకారాన్ని చూసిన ఫారెస్ట్ నేరుగా దాని మీదికి వెళ్లలేదు. డిసెంబరు 7న రూసో పంపగా జనరల్ మిల్రాయ్ మూడు వేల పైచిలుకు మందితో బయటకు వచ్చి, దేవదారు చెట్ల మధ్య జరిగిన పోరులో బేట్ పదాతిని చెదరగొట్టి, రెండు ఫిరంగులనూ రెండు వందల మంది బందీలనూ తీసుకొని కోటలోకి తిరిగి వెళ్లాడు. 1862లో ఒక్క ఉదయంలో పట్టణాన్ని ఎత్తుకుపోయిన ఫారెస్ట్ రెండేళ్ల తరువాత అదే పట్టణం వెలుపల నుంచే తిరిగిపోవలసి వచ్చింది.

సమాధానం: యలహంక విశ్రాంత రైల్వే ఇంజనీరు

పై సమాధానం చాలా బాగున్నది. నేను ఉద్యోగమంతా పర్మనెంట్ వే (పట్టాలు, స్లీపర్లు, వాటి కింది దారి) పనిలోనే గడిపినవాణ్ణి కనుక పట్టాల వైపు నుంచి కొంత చేరుస్తాను. చరిత్రాభిమాని గారితో ఒక విషయంలో నాకు కొద్దిగా భేదం ఉంది. పెద్ద కోటకు ఇచ్చే పేరులో సగమైనా ఆ మార్గం మీది చిన్న చిన్న దుంగల గృహాలకూ, మరమ్మతు దళాలకూ ఇవ్వాలి.

మార్గంలో ఏది చెడితే ఎంతసేపు ఆగిపోతుందో ముందు చూడాలి. చదునైన నేల మీద అర మైలు పట్టాలు పీకేసినా, స్లీపర్లు తగలబెట్టినా, కొత్త సామాను దగ్గరుంటే మంచి గ్యాంగు ఒకటి రెండు రోజులలో తిరిగి వేయగలదు. వంతెన కూలితే అలా కుదరదు. సొరంగం పూడుకుపోతే ఇంకా కష్టం. ఆ రోజుల ఇంజన్లకు దారి పొడవునా నీళ్ల తొట్లు, కట్టెల నిల్వలు కావాలి, అవి కాలిపోయినా బండి కదలదు. అందువల్ల మార్గమంతటికీ కాపలా అవసరం లేదు, వంతెనలు, సొరంగాలు, నీళ్ల తొట్ల వంటి కొన్ని చోట్లకే కాపలా కావాలి. అలాంటి చోట్ల బ్లాక్‌హౌస్ అనే దుంగల గృహాలు కట్టారు. వాటికి ఇంజనీరు విలియం మెరిల్ నమూనా తయారుచేశాడు. మామూలు ఒంటివరుస దుంగల గోడను చిన్న ఫిరంగి సైతం చీల్చగలదు కనుక ఆయన రెండు వరుసల దుంగలతో, సుమారు 40 అంగుళాల మందం గోడలు పెట్టించి, పైకప్పు మీద మట్టి పోయించాడు. కొద్దిమంది సిపాయిలు లోపల ఉండి తుపాకి కన్నాల నుంచి వంతెనను కాపాడుకోవచ్చు. 1864 డిసెంబరు 4న మర్‌ఫ్రీస్‌బరోకు ఉత్తరాన ఓవరాల్ క్రీక్ దగ్గరున్న అటువంటి 7వ నంబరు గృహం బేట్ దళం ఫిరంగులతో కొట్టినా లొంగలేదు, ఈలోగా కోట నుంచి సాయం వచ్చింది. పెద్ద కోట, చిన్న గృహం ఒకదానికొకటి ఎలా ఉపయోగపడ్డాయో ఆ ఒక్క సంఘటన చూపిస్తుంది: గృహం కొన్ని గంటలు నిలబడాలి, ఆ గంటలలో కోట నుంచి మనుషులు రావాలి.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1863 అక్టోబరులో దక్షిణాది అశ్విక దళపతి వీలర్ మర్‌ఫ్రీస్‌బరో దాకా వచ్చాడు. కోట జోలికి పోకుండా, పట్టణానికి దక్షిణాన స్టోన్స్ నది మీదున్న రైలు వంతెనను కాల్చివేసి, చుట్టుపక్కల పట్టాలు పీకించి వెళ్లిపోయాడు. పాఠకురాలు గారు భయపడినట్టే జరిగింది. సరిగ్గా ఆ రోజులలోనే తూర్పు నుంచి ఉత్తరాదివారి రెండు కోర్‌ల (పెద్ద సేనా విభాగాల) సైన్యం, ఇరవై వేల మందికి పైగా, 1,200 మైళ్ల దూరం రైళ్లలో వచ్చి ఈ మార్గం మీదుగానే చట్టనూగా వైపు వెళుతున్నది. కనుక ఆ దెబ్బ చిన్నది కాదు. అయినా మార్గం తిరిగి నిలబడిందంటే కారణం మరమ్మతు దళాలు.

అమెరికా సైనిక రైల్వే శాఖకు అధిపతి డేనియల్ మెక్‌కాలమ్. ఆయన చేతికింద నిర్మాణ దళం అని ప్రత్యేకంగా ఉండేది. నాష్‌విల్, చట్టనూగా మార్గం వాళ్ల చేతికి వచ్చేసరికి పొడవాటి కొయ్య దూలాల మీద వేసిన తేలికపాటి యు ఆకారపు పట్టాలు, కింద కుళ్లిపోయిన కొయ్యతో చాలా అధ్వాన్న స్థితిలో ఉన్నది. బరువైన బండ్లు నడవడానికి చాలా దూరం వరకు దాన్ని తిరిగి వేయవలసి వచ్చింది. 1864లో ముందుకు సాగుతున్న సైన్యం వెనుక జార్జియాలోని ఇటోవా నది మీద 625 అడుగుల పొడవు, 75 అడుగుల ఎత్తు గల వంతెనను ఆ దళం ఆరు రోజులలో కట్టింది. చట్టహూచీ నది మీద 780 అడుగుల పొడవు, 92 అడుగుల ఎత్తు గల వంతెనకు నాలుగున్నర రోజులే పట్టాయి. నేటి యంత్రాలన్నీ ఇచ్చినా ఆ లెక్క చూసి గౌరవించకుండా ఉండే ట్రాక్ ఇంజనీరు ఉండడు. దుంగలు ముందే కొలతలకు కోసి నిల్వ ఉంచడం అందుకు చాలా ఉపయోగపడింది. అలాంటి నిల్వలు శత్రువు చేతికి చిక్కని చోట ఉండాలి కదా, అక్కడే మళ్లీ మట్టికోట అవసరం కనిపిస్తుంది.

ఇదంతా ఎంత బరువు మోసిందో ఉత్తరాది జనరల్ షెర్మన్ తరువాత లెక్క వేసి చెప్పాడు. లూయివిల్ నుంచి అట్లాంటా దాకా 473 మైళ్ల సింగిల్ లైన్ 1864 మే 1 నుంచి నవంబరు 12 వరకు, అంటే 196 రోజుల పాటు, లక్ష మంది సైనికులనూ 35,000 పశువులనూ పోషించింది. అదే సామాను బండ్ల మీద తేవాలంటే, ఒక్కొక్కటి రెండు టన్నులు మోసి రోజుకు 20 మైళ్లు నడిచేటట్లు లెక్క కట్టినా, ఆరేసి కంచరగాడిదలు లాగే బండ్లు 36,800 కావలసి వచ్చేవి. ఆ దేశపు దారులలో అది అసాధ్యమని ఆయనే అన్నాడు.

తిరిగి అడిగినది: జయనగర పాఠకురాలు

ఇద్దరికీ ధన్యవాదాలు. గిడ్డంగులకు కోట, వంతెనలకు దుంగల గృహాలు, తెగిన చోటికి మరమ్మతు దళాలు అని ఇప్పుడు అర్థమయింది. వీటిలో ఏది లేకపోయినా మిగిలిన రెండూ నిలబడలేవన్నట్టు తోస్తున్నది. మరో రెండు సంగతులు అడగాలని ఉంది. రైలు మార్గానికి కాపలాగా కట్టిన మట్టికోటలలో ఓడిపోయినవి ఉన్నాయా, ఉంటే ఎందుకు? అంత మట్టి ఎత్తింది కేవలం సిపాయిలేనా? మన కోటల సంగతిలో రాజు పేరు నిలుస్తుంది గాని తట్ట మోసినవారి పేరు ఎక్కడా ఉండదు. అక్కడైనా ఏమైనా తెలుస్తుందేమోనని ఆశ.

సమాధానం: కృష్ణరాజపురం అధ్యాపకుడు

అమ్మా, మీ రెండు ప్రశ్నలూ ఒకే చోట కలుస్తాయి.

ముందు మట్టి ఎత్తినవారి సంగతి. మర్‌ఫ్రీస్‌బరోలో పయనీర్ బ్రిగేడ్‌తో పాటు ఇతర దళాల నుంచి వంతుల వారీగా పంపిన సిపాయిలు, నల్లజాతి కూలీలు కూడా పనిచేశారు. అదే మోర్టన్ పర్యవేక్షణలో 1862 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నాష్‌విల్‌లో కట్టిన ఫోర్ట్ నెగ్లీ విషయంలో కూలీల పట్టికలు మిగిలి ఉన్నందువల్ల కథ మరింత స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ పనిచేసిన నల్లజాతివారు 2,700 మందికి పైగా ఉన్నారు. కొందరు బానిసత్వం నుంచి పారిపోయి వచ్చినవారు, ఎందరినో వీధులలోను చర్చిల దగ్గర నుంచి కూడా బలవంతంగా పట్టుకొచ్చారు. చలికి, జబ్బులకు, చాలీచాలని తిండికి వందల మంది చనిపోయారు. చాలామందికి కూలి డబ్బు పూర్తిగా అందనే లేదు. బానిసత్వాన్ని అంతం చేసిన యుద్ధంలో గెలిచిన పక్షం కోటలు సైతం ఇలా లేచాయన్నది మీ ప్రసంగంలో తప్పక చెప్పవలసిన సంగతి అని నా అభిప్రాయం.

తరువాతి ఏడాది నుంచి అదే నల్లజాతివారు సైనికులై తుపాకులు పట్టుకొని రైలు మార్గాలకు కాపలా కాశారు. నాష్‌విల్ నుంచి పడమరగా టెనెసీ నది వైపు వేసిన మార్గాన్ని నల్లజాతి పటాలాలు వేయడంలో పాల్గొన్నాయి, దానికి కాపలా కూడా కాశాయి.

ఓడిపోయిన మట్టికోటకు ఉదాహరణ అలబామాలో ఉంది. నాష్‌విల్ నుంచి దక్షిణంగా డెకటూర్‌కు వెళ్లే రైలు మార్గం మీద సల్ఫర్ క్రీక్ అనే వాగుకు 300 అడుగుల పొడవు, 70 అడుగులకు మించిన ఎత్తు గల కొయ్య వంతెన ఉండేది. దాన్ని కాపాడడానికి పక్కనే ఒక మట్టికోట, రెండు దుంగల గృహాలు కట్టారు. వంతెనకు దగ్గరగా ఉండాలన్న ఆలోచనతో కోటను కట్టిన గుట్ట కంటే చుట్టూ ఉన్న కొండలు ఎత్తుగా ఉన్నాయి. 1864 సెప్టెంబరు 25న ఫారెస్ట్ ఆ కొండల మీద ఎనిమిది ఫిరంగులు నిలిపి పై నుంచి కోట లోపలికి గుండ్లు కురిపించాడు. ఎదుటి నుంచి వచ్చే దెబ్బకు మట్టికట్ట ఎంత మందమైనా అడ్డు నిలుస్తుంది, తల మీద నుంచి పడే దెబ్బకు దాని అవతల దాక్కునే చోటే ఉండదు. లోపలి కొయ్య కట్టడాలు కూలిపోయాయి, దళపతి లాత్రాప్ చనిపోయాడు, సుమారు 200 మంది మరణించాక మిగిలినవారు లొంగిపోయారు. వంతెన కాలిపోయింది. లొంగినవారిలో నల్లజాతి సైనికులను యుద్ధ ఖైదీలుగా చూడకుండా మొబైల్ అనే రేవు పట్టణానికి తరలించి, అక్కడ దక్షిణాది కోట పనులలో తట్ట మోయించారు.

మర్‌ఫ్రీస్‌బరోలో ఆ పొరపాటు జరగలేదు. అక్కడి నేల చాలావరకు చదును. ఉన్న కొద్దిపాటి మెరకలను లూనెట్లకు వాడుకున్నారు. పైగా 200 ఎకరాల విస్తీర్ణం వల్ల, ఒక మూల మీద గుండ్లు పడుతున్నా మరొక మూలలోని మనుషులూ సామానూ పదిలంగా ఉండేవి. రెండు కోటల కొలతలు, చుట్టుపక్కల నేల ఎత్తులు ఒకే కాగితం మీద గీసి చూపిస్తే మీవాళ్లకు మట్టికోట బలం ఎక్కడుందో, దాని పరిమితి ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

మోర్టన్ సంగతి కూడా ఒక మాట. ఈ రెండు కోటలనూ కట్టించిన ఆయన 1864 జూన్ 17న వర్జీనియాలోని పీటర్స్‌బర్గ్ దగ్గర, శత్రువుల మట్టికట్టల మీదికి సాగిన దాడిలో చనిపోయాడు.

సమాధానం: హెబ్బాళ కట్టడాల సంరక్షణ విద్యార్థిని

ఈ చర్చ మొత్తం శ్రద్ధగా చదివాను. కోట తరువాతి కథ ఎవరూ చెప్పలేదు కనుక కొన్ని మాటలు చేరుస్తున్నాను.

1866లో సైన్యం దాన్ని ఖాళీ చేసింది. యుద్ధం ముగిశాక లోపలి కొయ్య సామగ్రిని తీసుకుపోయారు, నేల పొలాలకూ తరువాత పట్టణ విస్తరణకూ పోయింది. అంత పెద్ద చుట్టుప్రాకారంలో నేడు మిగిలినవి పామర్, థామస్ అనే రెండు లూనెట్లు, వాటిని కలిపే రెండవ నంబరు కట్ట, వాటికి కొంత దూరంలో బ్రాన్నన్ అనే లోపలి చిన్న కోట మాత్రమే. మొదటి మూడూ నగరపు పార్కులో ఉన్నాయి. ఇవన్నీ ఇప్పుడు స్టోన్స్ నది జాతీయ యుద్ధక్షేత్రంలో భాగంగా జాతీయ పార్కుల శాఖ సంరక్షణలో ఉన్నాయి.

రాతికోటను కాపాడే పద్ధతులు మట్టికోటకు పనికిరావు. పడిపోయిన రాతిని ఎత్తి తిరిగి పెట్టవచ్చు గాని, కరిగిన కట్టను తిరిగి పోస్తే అది కొత్త కట్ట అవుతుంది తప్ప 1863 నాటిది కాదు. కందకంలో నిండిపోయిన మట్టి కూడా పైనుంచి జారిన పాత మట్టే. అందులో నాటి ఆనవాళ్లు ఉంటాయి కనుక శుభ్రం చేయాలన్న ఉత్సాహంతో దాన్ని తవ్విపోయకూడదు. మట్టికట్టకు ముఖ్య శత్రువులు వాన నీటి పారుదల, మనుషుల అడుగులు. వాలు మీద నలుగురు ఒకే దారిన ఎక్కితే పచ్చిక చచ్చి బాట పడుతుంది, ఆ బాటే వానాకాలంలో కాలువ అవుతుంది, కాలువ గండి అవుతుంది. పెద్ద చెట్లు కొంతవరకు మట్టిని పట్టి ఉంచినా, గాలివానకు వేళ్లతో సహా పెకలినప్పుడు కట్టలో పెద్ద ముక్కను లేపుకుపోతాయి. అందువల్ల అక్కడ కట్టల మీద గడ్డిని పెరగనిచ్చి, సందర్శకులను కట్ట ఎక్కనివ్వకుండా పక్క నుంచి వేసిన నడకదారి, చెక్క వంతెనల మీద నుంచే చూసేటట్లు ఏర్పాటు చేశారు.

పాఠకురాలు గారూ, మీ బృందం ఎప్పుడైనా ఓరుగల్లు వెళ్లినప్పుడు వెలుపలి మట్టిప్రాకారాన్ని వాన వెలిసిన తరువాత ఒకసారి చూడండి. బాట పడిన చోటికీ గడ్డి పట్టిన చోటికీ వాలులో వచ్చిన తేడాను ఫొటోలు తీసుకొని వస్తే, టెనెసీలో కట్టల మీద అడుగు పెట్టనివ్వకపోవడానికి కారణాన్ని మీ సభలో మాటలతో కంటే తేలికగా చూపించవచ్చు.